కణానికొక కబురు

పుట్టినవన్నీ గిట్టక తప్పదని చిన్నప్పటి నుంచీ వింటూనే వున్నాం. ఎవరైనా పోయిన ఇంటికి పలకరింపుకు వెళ్ళినవాళ్ళందరూ ఆ ఒక్క మాటే అని వస్తారు. విని విని ఆ మాటలో మనకు వింతేమీ మిగల్లేదు. కాని మన ఒంట్లో కంటికి కనపడని జీవకణాలున్నాయే, వాటి చావు సంగతి మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. కణం ఎందుకు చస్తుంది? దెబ్బ తగిలితే చస్తుంది, జబ్బు చేస్తే చస్తుంది, సరే. ఇవేవీ లేకుండా నిక్షేపంలా వున్న కణం తనంతట తాను ఎందుకు పోతుంది?

ఈ ప్రశ్నకు జవాబు వెతికిన కథలో సగం ఒక ఇంటి పడకగదిలో, కోడిగుడ్లతోనూ కుట్టుసూదులతోనూ నడిచింది. నడిపింది ఒక ఆడమనిషి. తక్కిన సగం నడిపినాయన పాము విషంతోనూ ఎలుకల లాలాజలంతోనూ కుస్తీ పట్టిన ఒక జీవరసాయన శాస్త్రవేత్త.

ఆవిడ పేరు రీటా లెవీ-మోంటల్చీని. 1909లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో, యూదుల కుటుంబంలో పుట్టింది. తండ్రి ఇంజనీరు. తల్లి బొమ్మలు వేసేది. రీటాకు కవలసోదరి పావొలా. తండ్రి మంచివాడే, చదువంటే గౌరవం వున్నవాడే. అయినా ఆడపిల్లలకు పెద్ద చదువులు అక్కర్లేదని తేల్చేశాడు. ఉద్యోగాలూ చదువులూ పెట్టుకుంటే రేపు సంసారం ఎలా చేసుకుంటారన్నది ఆయన బెంగ. ఈ బెంగ మనకేమీ కొత్త కాదు. మన అమ్మమ్మల ఇళ్ళల్లోనూ ఇదే మాట, కాకపోతే తెలుగులో.

చిన్నప్పటి నుంచి తమను పెంచిన దాది కడుపులో కాన్సరుతో పోవడం చూసింది రీటా. వైద్యం చదవాలని అప్పుడే నిశ్చయించుకుంది. ఇరవై ఏళ్ళ వయసులో తండ్రి ముందు నిలబడి అడిగింది. ఆయనకు ఇష్టం లేకపోయినా కాదనలేదు. ఎనిమిది నెలల్లో లాటిన్, గ్రీకు, లెక్కలు కూర్చుని చదివేసి మెడికల్ కాలేజీలో చేరింది. 1936లో పట్టా పుచ్చుకుంది. అక్కడ ఆమెకు గురువు జుసెప్పె లెవీ. ఇంటిపేరు కలిసిందే కాని చుట్టరికం లేదు. మహా కోపిష్టి అని పేరు. ఆయన దగ్గర ఒకే కాలంలో చదువుకున్న ముగ్గురు, అంటే లూరియా, దుల్‌బెక్కో, మన రీటా, తర్వాత్తర్వాత ముగ్గురూ నోబెల్ బహుమతి అందుకున్నారు. అలాంటి పంతులుగారి కోపం ఎంతైనా భరించవచ్చు.

1938లో ముస్సోలినీ ప్రభుత్వం జాతి చట్టాలు తెచ్చింది. యూదులకు యూనివర్సిటీల్లో చోటు లేదంది. రీటా కొన్నాళ్ళు బెల్జియం వెళ్ళింది. 1940లో జర్మన్లు అక్కడికి వచ్చేలోగా ఇంటికి తిరిగొచ్చింది. ఇంటికైతే వచ్చింది కాని చెయ్యడానికి పనేదీ? అడుగుపెట్టడానికి లాబొరేటరీ ఏదీ?

పడకగదే లాబొరేటరీ అయింది. ఒక మైక్రోస్కోపు, గుడ్లను వెచ్చగా వుంచే చిన్న పెట్టె, గడియారాలు బాగుచేసేవాళ్ళు వాడే పట్టకారు, కంటి డాక్టర్ల కత్తెర సంపాదించింది. పిండాన్ని కొయ్యడానికి కత్తి కావాలి కదా, మామూలు కుట్టుసూదిని సానరాతి మీద అరగదీసి కత్తి చేసుకుంది. ఉద్యోగం పోయిన గురువుగారు జుసెప్పె లెవీ కూడా వచ్చి శిష్యురాలి పడకగదిలో సహాయకుడిగా కుదురుకున్నారు. బాంబులు మొదలయ్యేసరికి 1942లో కుటుంబం కొండల మీది పల్లెకు తరలిపోయింది. లాబొరేటరీ కూడా వెంట వెళ్ళి ఇంట్లో ఓ మూల సర్దుకుంది. రీటా సైకిలెక్కి రైతుల ఇళ్ళకు వెళ్ళి పుంజుతో కలిసిన పెట్టల గుడ్లే కావాలని అడిగి తెచ్చేది. అవే ఎందుకమ్మా అంటే, పిల్లలకు బలమని చెప్పేది. ఆవిడకు పిల్లలు లేరు, పెళ్ళీ చేసుకోలేదు. పరీక్షకు కావలసిన పిండం తీసుకోగా మిగిలిన గుడ్డు వంటింట్లోకి పోయేది. యుద్ధకాలంలో గుడ్డు పారేసే అదృష్టం ఎవరికుంటుంది?

ఇంతకూ ఆ గుడ్లల్లో ఏం చూసిందావిడ? అప్పటికి కొన్నేళ్ళ క్రితం, 1934లో, విక్టర్ హాంబర్గర్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం ప్రచురించాడు. కోడిపిల్ల పిండంలో రెక్క రాబోయే చోట చిన్న మొగ్గ వుంటుంది. ఆ మొగ్గను తీసేస్తే, దానికి వెళ్ళవలసిన నాడులు వెన్నులో సరిగా వుండవు. ఎందుచేత? రెక్క లేదు కనక నాడీకణాలు తయారు కావడమే మానేశాయన్నాడాయన. రీటా అలాంటి ప్రయోగమే చేసింది. కాని ఆఖరి ఫలితం ఒక్కటే చూసి వూరుకోలేదు. పిండాల్ని రోజు రోజుకీ కోసి, నాడీకణాలకు రంగు పట్టించి చూసింది. తేలిందేమిటంటే, కణాలు పుట్టాయి. పెరిగాయి. అవయవం వుండవలసిన వైపుకు చేతులు చాచాయి. అక్కడ అందుకునేవాళ్ళెవరూ లేకపోయేసరికి చచ్చిపోయాయి.

పుట్టకపోవడం వేరు, పుట్టి పోవడం వేరు. ఈ తేడా ఎంతటిదో ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. శాస్త్రంలో కూడా ఆ తేడా చాలా పెద్దదే అయింది. కణం పుట్టినంత మాత్రాన వుండిపోదు. "నువ్వు వుండు, నీతో పని వుంది" అనే కబురు ఎక్కడి నుంచో అందాలి. అందకపోతే పోతుంది. కబురు అనే వూహ ఇంకా స్పష్టంగా రాలేదు కాని దానికి పునాది ఆ పల్లెటూరి ఇంట్లో పడింది. ఇటలీ పత్రికలు యూదుల రచనలు వేసుకోవు కనక గురుశిష్యులిద్దరూ ఆ వ్యాసాన్ని బెల్జియం పత్రికలో వేయించారు.

1943లో జర్మన్ సైన్యం ఇటలీలోకి దిగింది. లెవీ కుటుంబం ఫ్లారెన్సు నగరానికి పారిపోయి మారుపేర్లతో దాక్కుంది. 1944లో విముక్తి వచ్చాక రీటా కాందిశీకుల శిబిరంలో డాక్టరుగా పనిచేసింది. టైఫాయిడ్‌తో, ఆకలితో మనుషులు ఆవిడ చేతుల్లో పోయారు. ఆ తర్వాత మళ్ళీ వైద్యవృత్తి జోలికి పోలేదు.

యుద్ధం ముగిశాక బెల్జియం పత్రికలోని ఆ వ్యాసం అమెరికాలో వున్న హాంబర్గర్ కంట పడింది. తన మాట కాదన్న వ్యాసం అది. ఆయన కోపం తెచ్చుకోలేదు. వచ్చి నాతో పనిచెయ్యండి, ఎవరిది నిజమో కలిసి తేల్చుకుందాం అన్నట్టుగా ఆహ్వానం పంపాడు. రీటా 1947లో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ యూనివర్సిటీకి వెళ్ళింది. కొద్ది నెలలుండి వద్దామని వెళ్ళినావిడ అక్కడ ముప్పై ఏళ్ళుంది. ఇద్దరూ కలిసి మళ్ళీ చేసి చూశారు. రీటా చెప్పిందే నిజమని హాంబర్గర్ ఒప్పుకున్నాడు.

ఇక కబురు సంగతి. ఎలుకల్లో వచ్చే ఒక కాన్సరు గడ్డను కోడి పిండానికి అంటిస్తే నాడులు తామరతంపరగా అల్లుకుపోతున్నాయి. గడ్డ నుంచి ఏదో రసం వస్తున్నదని రీటా అనుమానించింది. 1952లో ఆ గడ్డలున్న రెండు ఎలుకల్ని వెంటబెట్టుకుని విమానంలో బ్రెజిల్ వెళ్ళింది. రియో నగరంలో స్నేహితురాలు హెర్టా మేయర్ దగ్గర గాజుపాత్రల్లో కణాలు పెంచే ఏర్పాటుంది. గడ్డ ముక్క పక్కన నాడీకణాల ముద్ద పెట్టి చూస్తే, ఒక్క రోజులో ముద్ద చుట్టూ సూర్యుడి కిరణాల్లా నాడీతంతువులు మొలిచాయి. కబురు వున్నమాట నిజమే. అయితే ఆ కబురు ఏ పదార్థం?

అది చెప్పడానికి రసాయనం తెలిసినవాడు కావాలి. 1953లో వచ్చాడు స్టాన్లీ కోహెన్. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక దర్జీ కొడుకు. చిన్నప్పుడు పోలియో వచ్చి కాలు కుంటుపడింది. జీతం కట్టనక్కర్లేని కాలేజీ కనక డిగ్రీ చదవగలిగాడు. డాక్టరేటు కోసం రాత్రిళ్ళు యూనివర్సిటీ పచ్చికలో వేలకొద్దీ వానపాములు ఏరుకున్నాడు. నోట్లో పైపు, వెనకాల స్మాగ్ అనే వూరకుక్క. అప్పుడప్పుడూ పిల్లనగ్రోవి వాయించేవాడు. రీటాకు పిండాలు తెలుసు, రసాయనం తెలీదు. ఆయనకు రసాయనం తెలుసు, పిండాలు తెలీవు. వియ్యం బాగా కుదిరింది.

కోహెన్ గడ్డల నుంచి సారం తీశాడు. అందులో ప్రోటీన్లున్నాయి, న్యూక్లియిక్ ఆమ్లాలున్నాయి. పని చేస్తున్నది వీటిలో ఏది? న్యూక్లియిక్ ఆమ్లాల్ని విరగ్గొట్టే ఎంజైము పాము విషంలో వుంటుంది, అది కలిపి చూడమని సలహా వచ్చింది. కలిపాడు. పని ఆగిపోవాలి, లేదా ఎప్పట్లా సాగాలి. రెండూ కాలేదు! నాడులు మునుపటికన్నా ఎన్నో రెట్లు విరగబడి పెరిగాయి. తీరా చూస్తే పాము విషంలోనే ఆ కబురు పదార్థం గడ్డల్లో కన్నా వేల రెట్లు ఎక్కువగా వుంది. పాముకు విషం వూరేది లాలాజల గ్రంథిలాంటి చోటే కదా, మరి ఎలుక లాలాజల గ్రంథి సంగతేమిటని కోహెన్ ఆలోచించాడు. మగ ఎలుకల గ్రంథిలో కూడా బోలెడంత దొరికింది. దాన్ని శుద్ధి చేస్తే అది ఒక ప్రోటీను అని తేలింది. దానికే నెర్వ్ గ్రోత్ ఫాక్టర్, అంటే నాడుల్ని పెంచేది అని పేరు.

1959లో ఆఖరి రుజువు దొరికింది. ఆ ప్రోటీనును అడ్డుకునే విరుగుడు సీరం తయారుచేసి అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కించారు. పిల్లలు బాగానే వున్నాయి. కాని కోసి చూస్తే, గుండె, పేగులలాంటి వాటిని మన ప్రమేయం లేకుండా నడిపే సింపథెటిక్ నాడుల ముడులు దాదాపుగా మాయమయ్యాయి. కబురు ఆపేస్తే కణాలు పోయాయన్నమాట. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

అదే ఏడు కోహెన్ ఆ వూరు వదలవలసి వచ్చింది. జంతుశాస్త్ర విభాగంలో రసాయన శాస్త్రవేత్తకు స్థిరమైన కొలువు లేదు, ఇంట్లో భార్యా పిల్లలున్నారు. నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి వెళ్ళాడు. రీటా చాలా బాధపడింది. కాని వెళ్ళేటప్పుడు ఆయన ఒక చిన్న వింతను మూట కట్టుకుని వెళ్ళాడు. లాలాజల గ్రంథి సారం ఎక్కించిన ఎలుకపిల్లలు పుట్టిన రెండు వారాలకు తెరవవలసిన కళ్ళు ఏడో రోజుకే తెరిచాయి. పళ్ళు కూడా ముందే వచ్చాయి. ఇంకొకరైతే ఏదో పొరపాటు జరిగిందని వూరుకునేవారు. కోహెన్ వూరుకోలేదు. 1962 నాటికి అందులో రెండో ప్రోటీను వుందని చూపించాడు. అది పై చర్మం కణాల్ని పెంచుతుంది. 53 అమైనో ఆమ్లాల చిన్న దండ. దాని పేరు ఎపిడెర్మల్ గ్రోత్ ఫాక్టర్.

కబురు తెచ్చినవాడు వీధి గుమ్మంలోనే నిలబడతాడు. మరి మాట వంటింట్లోకి ఎలా చేరుతుంది? కోహెన్ తర్వాతి ఇరవై ఏళ్ళ ప్రశ్న ఇదే. కణానికి పైపొరలో ఒక ద్వారపాలకుడు వుంటాడు, అదీ ప్రోటీనే. 1978లో కోహెన్, ఆయన సహచరులు కనిపెట్టిందేమిటంటే, కబురు వచ్చి ద్వారపాలకుణ్ణి తాకగానే లోపలి ప్రోటీన్లకు ఫాస్ఫేటు అనే చిన్న ముక్క అంటుకుంటున్నది.

ప్రోటీనుకు ఫాస్ఫేటు అంటించి దాన్ని మేల్కొల్పవచ్చునని 1955లోనే క్రెబ్స్, ఫిషర్ అనే ఇద్దరు జీవరసాయన శాస్త్రవేత్తలు చూపించారు. 1992లో వారికీ నోబెల్ వచ్చింది. మన పద్ధతిలో చెప్పాలంటే ఇది బొట్టు పెట్టి పిలవడం. పేరంటానికి రమ్మని నోటితో అంటే సరిపోదు. కుంకుమ బొట్టు పెట్టి పిలిస్తేనే పిలిచినట్టు. ప్రోటీను కూడా అంతే. ఫాస్ఫేటు బొట్టు పడితేనే లేచి కదులుతుంది, ఇంకో ప్రోటీనుకు బొట్టు పెడుతుంది. అలా ఒకరి నుంచి ఒకరికి వెళ్ళి కబురు కణం నడిబొడ్డుకు చేరుతుంది. పని అయ్యాక ఆ బొట్టును చెరిపే ఎంజైములూ వున్నాయి. ఇక్కడ మాత్రం మన పోలిక ఆపెయ్యాలి. చెరపడం ఇక్కడ అశుభం కాదు, చెరపకపోతేనే ముప్పు.

ఆ కుంకుమ ఏ భరిణెలోది? ఏ.టీ.పీ. అనే పదార్థంలోది. అందులో మూడు ఫాస్ఫేట్లుంటాయి, ఒకటి తీసి ప్రోటీనుకు పెడతారు. ఆ భరిణెను 1929లో కనిపెట్టినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారున్నారు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆయన, అదే ఏడు జర్మనీలో లోమాన్ విడిగా, దాన్ని కనుక్కున్నారు. అంతకు ముందే, 1925లో, ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని కూడా ఫిస్కే, సుబ్బారావుగార్లు ఇచ్చారు. ఫాస్ఫేటును కొలవగలిగాకే కదా దాని వెంట పడటం!

కోహెన్‌కు ఒక చిక్కు వచ్చింది. ద్వారపాలకుణ్ణీ, బొట్టు పెట్టే ఎంజైమునూ వేరు చెయ్యబోతే ఎంత శుద్ధి చేసినా రెండూ కలిసే వస్తున్నాయి. ఆఖరికి అవి రెండు కావు, ఒకటేనని అర్థమైంది. గుమ్మం బయట చెవి, గుమ్మం లోపల బొట్టు పెట్టే చెయ్యి! ఇంకో తమాషా వుంది. ఆ బొట్టు ఏ అమైనో ఆమ్లం మీద పడుతున్నది? 1979లో కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో టోనీ హంటర్ అనే ఆయన వేరే ప్రోటీను మీద పని చేస్తూ, కొత్తగా ద్రావణం కలుపుకోవడానికి బద్ధకించి పాతదే వాడాడు. పులుపెక్కిన ఆ పాత ద్రావణంలోనే, అంతవరకు కలిసిపోయి కనబడిన రెండు మచ్చలు విడివిడిగా తేలాయి. బొట్టు పడేది టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీద. 1980లో కోహెన్ దగ్గర కూడా అదే తేలింది. మనం పులిసిన పిండి పారెయ్యకుండా వుంచితే ఎప్పుడో అక్కరకొచ్చినట్టు.

ఇదంతా తెలిసి మనకొరిగిందేమిటి? చాలా వుంది. 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు కణం తనంతట తాను సద్దు లేకుండా పోవడానికి అపొప్టోసిస్ అని పేరు పెట్టారు. చెట్టు నుంచి ఆకులు రాలడమని గ్రీకులో ఆ మాటకు అర్థం. కడుపులో పిల్లకు వేళ్ళు విడివడేది వాటి మధ్య వున్న కణాలు అలా రాలితేనే. రాలవలసినవి రాలాలి, వుండవలసినవి వుండాలి. ఈ లెక్క తప్పడమే ఎన్నో జబ్బులకు మూలం. కాన్సరు కణం చేసేది దొంగ కబురు పుట్టించడం. ఎవరూ పిలవకుండానే తన నుదుట తానే బొట్టు పెట్టుకుని, నన్ను వుండమన్నారు, పెరగమన్నారు అంటుంది. కోళ్ళలో కాన్సరు తెచ్చే ఒక వైరస్ దగ్గర కోహెన్ ద్వారపాలకుడి ముక్కే వుందని 1984లో బయటపడింది. చెవి తెగిపోయి, ఎవరి మాటా వినకుండా బొట్టు పెడుతూ పోయే చెయ్యన్నమాట. ఆ ద్వారపాలకుడి తోబుట్టువు లాంటి హెర్2 అనే ప్రోటీను కొందరు ఆడవాళ్ళ రొమ్ము కాన్సరులో మితిమీరి వుంటుంది. దాన్ని పట్టుకునే ట్రాస్టుజుమాబ్ మందు అమెరికాలో 1998లో అనుమతి పొందింది. టైరోసిన్ మీద బొట్టు పెట్టే చేతిని ఆపే ఇమాటినిబ్ మాత్ర 2001లో వచ్చి, ఒక రకం రక్తకాన్సరులో రోగుల తలరాతే మార్చింది. దీనికి ఎదురు జబ్బూ వుంది. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో వుండవలసిన మెదడు కణాలు పోతాయి. ఆ కణాల్లో టౌ అనే ప్రోటీనుకు ఫాస్ఫేటు బొట్లు మితిమీరి పడి వుంటాయని 1986లో తెలిసింది.

ఆ 1986లోనే రీటాకూ కోహెన్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. హాంబర్గర్‌కు ఇవ్వలేదు. ఆనాడు చాలామంది అది అన్యాయమన్నారు. తన మాట తప్పని చెప్పిన అమ్మాయిని పిలిచి చోటిచ్చిన పెద్దమనిషికి పీట వెయ్యకపోవడం ఇప్పటికీ మనసుకు కష్టంగానే వుంటుంది. 1991లో రీటా కబురును అందుకునే ద్వారపాలకుడు దొరికాడు. అదీ టైరోసిన్ మీద బొట్టు పెట్టే జాతే! ముప్పై ఏళ్ళ క్రితం విడిపోయిన ఇద్దరి దారులూ అక్కడ మళ్ళీ కలిశాయి. ఆ నెర్వ్ గ్రోత్ ఫాక్టర్‌నే కంటిచుక్కల మందుగా చేసి, నల్లగుడ్డు పైపొర నాడులు దెబ్బతిన్నవాళ్ళకు వాడటానికి 2017లో ఐరోపాలోనూ 2018లో అమెరికాలోనూ అనుమతించారు.

కోహెన్ 97 ఏళ్ళు బతికి 2020లో పోయాడు. రీటాను 2001లో ఇటలీ జీవితాంత సెనేటరుగా నియమించింది. 103 ఏళ్ళు బతికి 2012 డిసెంబరులో కన్నుమూసింది. 1992లో ఆవిడా పావొలా కలిసి తండ్రి జ్ఞాపకార్థం ఒక సంస్థ పెట్టారు. ఆఫ్రికాలో ఆడపిల్లలు చదువుకోవడానికి ఆ సంస్థ డబ్బు సాయం చేస్తూ వచ్చింది. ఆడపిల్లలకు పెద్ద చదువులెందుకన్న ఆ తండ్రి పేరు మీదే.